వికలాంగులపై దాడి జరిగితే: గుర్తుపట్టడం, పిటిషన్ రాయడం, కేసు నీరుగారకుండా చూసుకోవడం

ట్రైసైకిల్ టైర్లలో గాలి తీసేస్తే చూసేవాళ్లకు అది ఆకతాయి పని. ఆ సైకిల్ తప్ప వేరే దారిలేని మనిషికి మాత్రం ఆ పూట గడప దాటడం బంద్. వికలాంగుల హక్కుల చట్టం 2016 ఆ మనిషి వైపు నుంచే చూసింది. వికలాంగుల అవయవానికి, ఇంద్రియానికి, వాళ్లు వాడుకునే సాధనానికి ఎవరైనా కావాలని నష్టం చేసినా, వాడుకోకుండా అడ్డం పడినా సెక్షన్ 92(ఇ) ప్రకారం నేరం. శిక్ష 6 నెలలకు తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా.

ఇదే సంగతి స్టేషన్‌కి వెళ్లేసరికి ‘పక్కింటివాళ్లతో గొడవ’ అయిపోతుంది. వైకల్యం మాట ఎక్కడా ఉండదు. కారణం చాలాసార్లు పోలీసులు కూడా కాదు, మనం రాసిచ్చిన కాగితమే. మన దేశంలో ‘వికలాంగులపై ద్వేష నేరం’ అనే పేరుతో ప్రత్యేకమైన సెక్షన్ లేదు. ఉన్నది 92. అది పడాలంటే దానికి కావాల్సిన ముక్కలు మొదటి పిటిషన్‌లోనే ఉండాలి. ఈ వ్యాసంలో సగం బరువు ఆ ఒక్క కాగితం మీదే పెడుతున్నాం.

మాట గురించి ఒక మాట. జీవోల్లో దివ్యాంగులు అంటారు, ఆంధ్రప్రదేశ్ శాఖ పేరులో విభిన్న ప్రతిభావంతులు అని ఉంటుంది, సంఘాలవాళ్లు వికలాంగులు అంటారు. బాధితులు తమను ఏమని చెప్పుకుంటే పిటిషన్‌లో అదే రాయండి. చట్టం పేరు మాత్రం స్టేషన్‌లో ‘ఆర్‌పీడబ్ల్యూడీ యాక్ట్’ అంటేనే రైటర్‌కి (ఫిర్యాదులు రాసుకునే పోలీసుకి) తొందరగా అందుతుంది.

92లో ఏమేం ఉన్నాయి

ఆరు రకాల పనులను ఈ సెక్షన్ నేరాలంటుంది. (ఎ) నలుగురూ చూసే చోట అవమానించాలనే ఉద్దేశంతో తిట్టడం, బెదిరించడం. (బి) పరువు తీయాలని చేయి చేసుకోవడం, బలప్రయోగం చేయడం, వికలాంగ మహిళ మర్యాదకు భంగం కలిగించడం. (సి) తన సంరక్షణలో ఉన్న వికలాంగులకు తెలిసి తెలిసి తిండి, నీళ్లు పెట్టకపోవడం. (డి) తన మాట కాదనలేని స్థితిలో ఉన్న వికలాంగ మహిళను, పిల్లలను లైంగికంగా వాడుకోవడం. (ఇ) పైన చెప్పుకున్నది. (ఎఫ్) వికలాంగ మహిళకు ఆమె స్పష్టమైన అనుమతి లేకుండా గర్భం పోయేలా వైద్యం చేయడం. దీనికి మాత్రం తీవ్ర వైకల్యం ఉన్నప్పుడు డాక్టర్ అభిప్రాయం, సంరక్షకుల అంగీకారంతో చేసేదానికి మినహాయింపు ఉంది.

ఇందులో ఎక్కడా ‘ద్వేషంతో’ అన్న మాట లేదని గమనించండి. ఎదుటివాడి మనసులో ద్వేషం ఉందో లేదో తవ్వి తీయక్కర్లేదు. (ఇ)కైతే కావాలని చేశాడని చూపిస్తే చాలు. అవమాన ఉద్దేశం, నలుగురి సమక్షం లాంటివి నిరూపించే పని దానికి లేదు. అందుకే నిలబెట్టడానికి తేలికైన క్లాజు అదే అని మా అభిప్రాయం. విచిత్రం ఏమిటంటే జనం తిట్టిన తిట్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, విరిగిన కర్ర సంగతి మర్చిపోతారు.

ఇంకో అపోహ 40 శాతం. పెన్షన్‌కి, రిజర్వేషన్‌కి 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ కావాలి. 92 సెక్షన్‌కి అక్కర్లేదు. అందులో ఉన్నది ‘వైకల్యం ఉన్న వ్యక్తి’ అనే మాటే. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు ఉంటే జిరాక్స్ జత చేయండి, పని సులువవుతుంది. లేవని కేసు ఆపడానికి వీల్లేదు. చట్టం షెడ్యూల్‌లో 21 రకాల వైకల్యాలున్నాయి. మరుగుజ్జుతనం, ఆటిజం, మానసిక అనారోగ్యం, తలసేమియా, హీమోఫీలియా, యాసిడ్ దాడి బాధితులు కూడా అందులోకే వస్తారు.

ఎక్కడ అనుమానించాలి

దాడి ఎప్పుడూ దెబ్బతో మొదలవదు. ఒకే మనిషి ఒకే రోడ్డు మానేసి చుట్టుతిరిగి వెళ్తుంటే, రోజూ వచ్చే టీ కొట్టుకి రావడం మానేస్తే, చెవి మిషన్ జేబులో పెట్టుకుని తిరుగుతుంటే (పెట్టుకుంటే లాగేస్తున్నారని), ర్యాంపుకు అడ్డంగా అదే బండి రోజూ ఆగి ఉంటే, అడగండి. చూపు లేనివాళ్ల తెల్ల కర్ర దాచి నవ్వడం, మరుగుజ్జు మనిషిని అడక్కుండా ఎత్తుకుని వీడియో తీయడం, నత్తి ఉన్నవాడిని పదిమందిలో నిలబెట్టి పదే పదే పేరు చెప్పించడం, ఇవన్నీ ‘సరదా’ పేరుతో చలామణి అవుతాయి. ఎత్తుకోవడం బలప్రయోగం కిందికి వస్తుంది, సరదా అంటే పోయేది కాదు.

స్నేహం పేరుతో జరిగేది ఇంకా కనపడదు. మేధో వైకల్యం ఉన్న కుర్రాడికి హఠాత్తుగా నలుగురు ఫ్రెండ్స్ వచ్చారు, ప్రతి నెలా ఒకటో తారీఖు తర్వాత మాత్రమే కనిపిస్తారు. పెన్షన్ ఆంధ్రలో నెలకు 6,000, తెలంగాణలో 4,016. వేలిముద్ర ఆయనది, డబ్బు చేతిలోకి వెళ్లేది ఇంకొకరికి. ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంది, పిన్ ఎవరికి తెలుసు, ఆయన పేరుమీద లోను, ఫైనాన్స్ బండి, సిమ్ కార్డులు ఏమైనా ఉన్నాయా అని చూస్తే చాలావరకు బయటపడుతుంది. దీనికి 92 అతకదు. భారతీయ న్యాయ సంహితలో (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) మోసం (318), నమ్మకద్రోహం (316), బెదిరించి వసూలు చేయడం (308) సరిపోతాయి.

ఇక గుంపు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు లేచినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేనివాళ్లు, మతిస్థిమితం లేక ఊళ్లు తిరిగేవాళ్లు అలాంటప్పుడు ముందు బలవుతారు. జవాబు చెప్పకపోవడానికి చెవుడు, ఆటిజం, భయం, ఏదైనా కారణం కావచ్చు. అలాంటి గుంపు కనిపిస్తే మధ్యలో వాదనకు దిగకండి. 112కి ఫోన్ చేసి ‘మానసిక వైకల్యం ఉన్న మనిషిని గుంపు కొడుతోంది’ అని ఇదే వాక్యం చెప్పండి. ‘గొడవ జరుగుతోంది’ అంటే బండి నిదానంగా వస్తుంది.

మొదటి గంట

బాధితుడి దగ్గరికి వెళ్లి మీ పేరు చెప్పండి. వీల్‌చైర్‌ని, కర్రని, మనిషి చేతిని అడక్కుండా ముట్టుకోకండి. పక్కన ఉన్న బంధువుతో కాదు, ఆయనతోనే మాట్లాడండి. చెవిటివాళ్లయితే ముఖం ఎదురుగా, వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడండి, ఫోన్‌లో టైప్ చేసి చూపించండి. ఆటిజం ఉన్నవాళ్లను పట్టుకుని ఓదార్చబోతే భయం పెరుగుతుంది. చుట్టూ ఉన్న జనాన్ని దూరం పంపించి, చప్పుడు తగ్గించి, కొంచెం ఎడంగా కూర్చోవడం మేలు.

ఆ తర్వాత ప్రభుత్వాసుపత్రి. దెబ్బలు చిన్నవైనా అదే రోజు వెళ్లి ఎమ్మెల్సీ చేయించండి (శాసనమండలి వాళ్లు కాదు, మెడికో లీగల్ కేసు). రెండ్రోజులు ఆలస్యమైతే ఎదుటివాళ్లు ముందే కౌంటర్ కేసు పెట్టి, మనదే వెనకొచ్చిన కథలా చూపిస్తారు. డాక్టరుకి వైకల్యం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మామూలు పరీక్షలో కొన్ని దెబ్బలు దొరకవు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు నడుము కింద స్పర్శ ఉండదు, ఎముక విరిగినా నొప్పి తెలియదు. ‘నొప్పి లేదు’ అంటే ‘గాయం లేదు’ అని రాసేస్తారు, కాబట్టి ఎక్స్‌రే అడిగి తీయించండి. వీల్‌చైర్ కుషన్ కోసేసినా, పడేసినా కొద్దిరోజుల్లోనే ఒత్తిడి పుండ్లు పడతాయి. అవి కూడా ఆ దాడి ఫలితమే, వచ్చిన రోజున ఫొటో తీసి డాక్టరు చేత రాయించాలి. హీమోఫీలియా ఉంటే చిన్న గుద్దు కూడా లోపల రక్తస్రావం కావచ్చు, స్టేషన్ కంటే ముందు ఆసుపత్రే. కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు తలకు ఎమ్మారై రాస్తే లోపల అయస్కాంతం ఉందని ముందే చెప్పండి.

విరిగిన సాధనాన్ని రిపేరుకు ఇవ్వకండి, కడగకండి. వేరేది అరువు తెచ్చుకోండి. పడి ఉన్న చోటే దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి రెండు ఫొటోలు తీయండి, సీరియల్ నంబరు లేదా క్యాంపులో ఇచ్చినప్పుడు అంటించిన స్టిక్కర్ కనపడాలి. బిల్లు లేకపోతే కొత్తదానికి కొటేషన్ తీసుకోండి. దగ్గర్లోని షాపు సీసీ కెమెరా ఫుటేజీ కోసం అదే రోజు అడగండి. చాలాచోట్ల వారం, పదిహేను రోజుల్లో పాతది చెరిగిపోతుంది. ఓనరు ఇవ్వనంటే ఫలానా షాపు కెమెరా ఉందని పిటిషన్‌లో రాస్తే సరి, తెప్పించుకోవాల్సింది పోలీసులు. మీ ఫోన్‌లో వీడియో ఉంటే ఆ ఒరిజినల్ ఫైల్‌ని అలాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపిందాన్ని డౌన్‌లోడ్ చేసి ఇస్తే అది వేరే ఫైల్ అవుతుంది. కోర్టులో భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు. అందులో పార్ట్ ఎ ఫోన్ ఉన్నవాళ్లు, పార్ట్ బి నిపుణులు నింపాలి, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. ఫైల్ మారితే అది సరిపోలదు.

వీడియోని గ్రూపుల్లో పెట్టకండి. న్యాయం కోసమే పెట్టినా, అవమానం ఇంకో వెయ్యి మంది ముందు జరిగినట్టే. లైంగిక నేరమైతే బాధితుల గుర్తింపు బయటపెట్టడం మళ్లీ వేరే నేరం.

పిటిషన్

మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: ‘మా ఎదురింటి ఫలానా వ్యక్తి పాత కక్షలు మనసులో పెట్టుకుని నన్ను బూతులు తిట్టి, కొట్టి, చంపుతానని బెదిరించాడు. తగు చర్య తీసుకోగలరు.’ ఇందులో పిటిషనర్‌కి వైకల్యం ఉందనే లేదు. పైగా ‘పాత కక్షలు’ అని మనమే రాసిచ్చాం. రేపు ఎదుటి లాయరు ఆ రెండు మాటలే పట్టుకుంటాడు: గొడవ పాత కక్షల గురించి, వైకల్యం గురించి కాదు అని.

అదే సంఘటన ఇలా రాసి చూడండి:

‘పోలియో వల్ల నా ఎడమ కాలు పనిచేయదు. చంక కర్ర లేకుండా నిలబడలేను. ఈ సంగతి ఎదురింటి ఫలానా వ్యక్తికి తెలుసు, మూడేళ్లుగా ఒకే వీధిలో ఉంటున్నాం. 12.06.2025 గురువారం సాయంత్రం సుమారు 6.40కి బస్టాప్ దగ్గర పదిమందికి పైగా చూస్తుండగా అతను “ఒరేయ్ కుంటోడా, ఈ రోడ్డు మీద నీకేం పని, పాక్కుంటూ పో” అని నా కర్ర లాక్కుని మురుగుకాలవలో విసిరేశాడు. నేను కింద పడ్డాను. కుడి మోచేయి చెక్కుకుపోయింది. కర్ర పైభాగం విరిగింది. సుమారు ఇరవై నిమిషాలు అక్కడి నుంచి కదల్లేకపోయాను. అక్కడున్న పండ్ల బండి ఆయన, ఇద్దరు ప్రయాణికులు చూశారు. పక్క మెడికల్ షాపుకి కెమెరా ఉంది. మే నెలలో 3న, 19న కూడా ఇలాగే నా కర్ర లాగాడు, అప్పుడు ఫిర్యాదు చేయలేదు.’

ఒక్కో వాక్యం ఒక పని చేస్తోంది. ‘తెలుసు’ అన్నది కావాలని చేశాడనడానికి. ‘పదిమంది చూస్తుండగా’ అన్నది (ఎ)కి. తిట్టిన మాట యథాతథంగా ఉండటం అవమాన ఉద్దేశానికి. ‘అసభ్య పదజాలంతో దూషించాడు’ అని మర్యాదగా రాస్తే ఏం పోతుందో ఇక్కడ అర్థమవుతుంది: కుంటోడా అన్న మాట పోతుంది, దానితో పాటే కేసులో వైకల్యం కూడా. కర్ర లాగి విసిరేయడం (ఇ)కి, కింద పడటం సంహిత 115(2) కింద గాయానికి, కదల్లేకపోవడం 126 కింద అక్రమ నిరోధానికి. పాత తేదీలు, ఇది అప్పటికప్పుడు రేగిన కోపం కాదని చూపడానికి. తేదీ కచ్చితంగా గుర్తులేకపోతే ‘పెద్దమ్మ జాతర మర్నాడు’ అని రాసినా పరవాలేదు, ఊహించి అంకె వేయకండి. అది తప్పని తేలితే మిగతాదంతా అనుమానంలో పడుతుంది.

చివర్లో ఇలా ముగించండి: ‘వికలాంగుల హక్కుల చట్టం 2016 సెక్షన్ 92(ఎ), 92(ఇ), మరియు వర్తించే ఇతర సెక్షన్ల కింద కేసు నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను.’ సెక్షన్లు రాయకపోయినా పోలీసులు వేయాలి, నిజమే. కానీ రాసి ఉంటే ఎందుకు వేయలేదని తర్వాత అడగడానికి కాగితం ఉంటుంది. బాధితులు ఎస్సీ, ఎస్టీ అయితే కులం తప్పకుండా రాయండి, కులం పేరుతో అన్న మాటలుంటే అవీ యథాతథంగా. అప్పుడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా తోడవుతుంది, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి.

రాయని విషయానికి ఎంత ఖరీదో చూపే తీర్పు ఒకటి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. పుట్టుకతో చూపులేని ఎస్సీ యువతిపై 2011లో అత్యాచారం జరిగింది. ముద్దాయిని ఆమె గొంతు బట్టి గుర్తుపట్టింది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఆ గుర్తింపును నమ్మింది, వైకల్యం ఉందని సాక్ష్యాన్ని తక్కువ చేసి చూడకూడదని చెప్పింది, యావజ్జీవ శిక్ష ఖాయం చేసింది. అయితే ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. కులం కారణంగానే జరిగిందనడానికి రికార్డులో సాక్ష్యం లేదన్నది కారణం. (అప్పటి చట్టంలో ఆ షరతు ఉండేది, తర్వాతి సవరణలో సడలించారు.)

స్టేషన్‌లో

92 సెక్షన్‌కి 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి ఇది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇస్తేనే). కాగ్నిజబుల్ అంటే కోర్టు అనుమతి కోసం ఆగకుండా ఎఫ్ఐఆర్ కట్టాలి. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా కట్టి తర్వాత బదిలీ చేస్తారు. మెట్లెక్కలేని స్టేషన్ అయితే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపి, 3 రోజుల్లోపు సంతకం చేస్తే సరిపోతుంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అక్కడే అడిగి తీసుకోండి. చదివి చూసి 92 పడిందో లేదో అప్పుడే తేల్చుకోండి.

‘ఎంక్వయిరీ చేసి చెప్తాం’ అనే మాట వినపడుతుంది. అది పూర్తిగా తప్పు కాదు. 3 ఏళ్లు మొదలుకుని 7 ఏళ్లలోపు శిక్ష ఉన్న నేరాలకు నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు, కోర్టు పద్ధతుల చట్టం) 173(3) ప్రాథమిక విచారణకు అవకాశమిచ్చింది. కాకపోతే డీఎస్పీ అనుమతి ఉండాలి, 14 రోజుల్లో ముగియాలి. కాబట్టి ‘అనుమతి తీసుకున్నారా? ఏ రోజుకి 14 అవుతుంది?’ అని రెండే ప్రశ్నలు అడిగి, తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. ఎస్సీ, ఎస్టీ చట్టం కలిస్తే ఈ విచారణ అక్కర్లేదు.

పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తామంటారు. మామూలు గాయం కేసు రాజీకి వస్తుంది, 92 రాదు. ‘వాడు చిన్నపిల్లాడు, భవిష్యత్తు పాడవుతుంది’ అని బాధితుల తల్లిదండ్రుల మీదే ఒత్తిడి తెస్తారు. తెల్ల కాగితం మీద సంతకం, వేలిముద్ర అడిగితే ఇవ్వకండి.

నిందితుడు ప్రభుత్వ ఉద్యోగి అయితే ఒక చిక్కుముడి ఉంది. వికలాంగుల చట్టం 94వ సెక్షన్ ప్రకారం 92 కింద కోర్టు కేసు తీసుకోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. అందుకే అలాంటి కేసులో న్యాయ సంహిత సెక్షన్లను గట్టిగా పట్టుకోవాలి. అనుమతి దగ్గర ఫైలు ఆగిపోయినా ఆ సెక్షన్లు ఊపిరితో ఉంటాయి.

వాంగ్మూలం

వికలాంగులను సాక్ష్యం కోసం స్టేషన్‌కి రమ్మని పోలీసులు పట్టుబట్టకూడదు, వాళ్లుండే చోటికే రావాలి (నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 179). లైంగిక నేరాలు, యాసిడ్ దాడుల్లోనైతే ఫిర్యాదు కూడా ఇంటి దగ్గరే, దుబాసీ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సమక్షంలో రాసుకోవాలి, వీడియో తీయాలి. అలాంటి కేసుల్లో మేజిస్ట్రేట్ నమోదు చేసిన వాంగ్మూలమే కోర్టులో ముఖ్య విచారణగా (మన తరఫు లాయరు ముందు చెప్పించే సాక్ష్యంగా) చెల్లుతుంది. మళ్లీ అంతా మొదట్నుంచి చెప్పించరు.

సైగలు చేసేవాళ్ల విషయంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. బడికి వెళ్లని చెవిటివాళ్లు చాలామంది ఇంట్లో పుట్టిన సైగలే వాడతారు, భారతీయ సంకేత భాష నేర్చిన దుబాసీకి అవి అర్థం కావు. దుబాసీ ఒకరు, ఇంటి సైగలు తెలిసిన మనిషి ఒకరు, ఇద్దరూ కావాల్సి వస్తుంది. ఆ ఇంటి మనిషి నిందితుడి తరఫు బంధువు కాకుండా చూడండి. మాట్లాడలేనివాళ్లు రాసి గానీ, సైగలతో గానీ చెబితే అది నోటిమాటతో సమానమని సాక్ష్య అధినియమం 125 అంటోంది.

మేధో వైకల్యం ఉన్నవాళ్లను ‘వాడు కొట్టాడా? కర్రతో కొట్టాడా?’ అని అడిగితే అన్నిటికీ ఊ అంటారు. అధికారం ఉన్నవాళ్లు అడిగినదానికి ఒప్పుకోవడం వాళ్లకు చిన్నప్పటి నుంచి నేర్పిన మర్యాద. ‘నువ్వు ఎక్కడున్నావ్? తర్వాత ఏమైంది?’ అని వదిలేసి ఆగండి. చాలాసేపు ఆగాలి. ‘ఎప్పుడు’ అన్నది గడియారంతో కాకుండా అన్నం తినకముందా, తర్వాతా అని అడగాలి. ఇంట్లోవాళ్లు రిహార్సల్ చేయించకూడదు. రెండుసార్లు ఒకే మాటలతో చెబితే బట్టీ పట్టించారని ఎదుటి లాయరు అడిగే ప్రశ్నల్లో తేలిపోతుంది. మానసిక వైకల్యం ఉన్నంతమాత్రాన సాక్షిగా పనికిరారని చట్టం అనదు. ప్రశ్న అర్థమై, పొందికగా జవాబు చెప్పగలిగితే చాలు.

ఇంట్లోనే జరుగుతుంటే

అన్నం పెట్టకపోవడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం, గొలుసుతో కట్టడం, మందులు ఎక్కువేసి నిద్రపుచ్చడం. ఇక్కడ నిందితులే చూసుకునేవాళ్లు కాబట్టి ఎఫ్ఐఆర్ పడిన రాత్రి ఈ మనిషి ఎక్కడ పడుకుంటారన్నది ముందు ఆలోచించాలి. అందుకే చట్టంలో సెక్షన్ 7 ఉంది. హింస జరిగిందనో, జరగబోతోందనో నమ్మే ఎవరైనా, పక్కింటివాళ్లయినా, అక్కడి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి రాసివ్వవచ్చు. మన మండలాల్లో అంటే తహసీల్దార్, డివిజన్‌లో ఆర్డీఓ. ఆయన హింసను ఆపేలా వెంటనే చర్యలు తీసుకోవాలి. మనిషిని విడిపించడానికి, కోరితే రక్షణలో ఉంచడానికి, భరణం ఇప్పించడానికి ఉత్తర్వులివ్వవచ్చు. దరఖాస్తు మీద ‘సెక్షన్ 7(2) కింద’ అని పైనే రాయండి. లేకపోతే అది మామూలు అర్జీల కట్టలో కలిసిపోతుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి లేదా ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకుంటే వెంటపడటానికి పట్టు దొరుకుతుంది.

మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లను ఇంట్లో హింసిస్తున్నా, పట్టించుకోకుండా వదిలేసినా, స్టేషన్ ఇన్‌ఛార్జి (ఎస్‌హెచ్‌ఓ) ఆ సంగతి మేజిస్ట్రేట్‌కి తెలియజేయాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 సెక్షన్ 101 చెబుతోంది. పిల్లలైతే 1098, మహిళలైతే 181. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లపై లైంగిక నేరం తెలిసి దాచిపెట్టడమే పోక్సో కింద నేరం.

కేసు తీసుకోకపోతే

అదే పిటిషన్‌ని ఎస్పీకి లేదా కమిషనర్‌కి స్పీడ్ పోస్టులో పంపండి, అక్నాలెడ్జ్‌మెంట్ దాచండి. ఆ తర్వాత మెట్టు మేజిస్ట్రేట్ కోర్టు, నాగరిక్ సురక్షా సంహిత 175(3) కింద, అఫిడవిట్‌తో. ఎస్పీ మెట్టు ఎక్కకుండా నేరుగా కోర్టుకి దూకితే తిప్పిపంపుతారు. లాయరుకి డబ్బు లేదని ఆగక్కర్లేదు. లీగల్ సర్వీసెస్ చట్టం 1987 కింద వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి లేదా 15100కి ఫోన్ చేయండి. నష్టపరిహారం దరఖాస్తు కూడా అక్కడే.

రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయడం వేరే పని. ఆయన ఎవర్నీ జైలుకి పంపరు. పోలీసులో, బడో, ఆఫీసో తమ బాధ్యత చేయలేదని ఫిర్యాదు చేస్తే విచారించి సిఫార్సు చేస్తారు, సమన్లు ఇచ్చే సివిల్ కోర్టు అధికారం ఉంటుంది. ఎఫ్ఐఆర్‌కి బదులుగా అక్కడికి వెళ్తే నెలలు గడిచిపోతాయి. రెండూ పక్కపక్కన నడపండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక ముక్క. బ్రిటన్‌లో (ఇంగ్లండ్, వేల్స్‌లలో) పద్ధతి వేరు. వైకల్యం పట్ల ద్వేషంతోనే జరిగిందని బాధితులకు గానీ చూసినవాళ్లకు గానీ అనిపిస్తే చాలు, పోలీసులు దాన్ని అలాగే నమోదు చేయాలి. నిరూపణ అయితే 2020 నాటి శిక్షల చట్టం 66వ సెక్షన్ కింద శిక్ష పెరుగుతుంది. 999కో 101కో చేసినప్పుడు ‘డిజబిలిటీ హేట్ క్రైమ్’ అన్న మూడు మాటలూ మీ నోటితో చెప్పండి.

ఎఫ్ఐఆర్ తర్వాత 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు మీకు చెప్పాలి. ఈలోపు నిందితుడు బెయిలు మీద బయటికొచ్చి అదే బస్టాప్‌లో నిలబడి నవ్వవచ్చు, కర్ర వైపు చూసి దగ్గవచ్చు. ఒక్కొక్కటీ చిన్నదే. ఆ రోజే క్రైమ్ నంబరు (ఎఫ్ఐఆర్ నంబరు) వేసి, తేదీ, సమయం, చూసినవాళ్ల పేరుతో రెండు లైన్లు రాసి స్టేషన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. బెదిరింపు గట్టిగా ఉంటే సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. బెయిలు రద్దు అడిగేటప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్ ముందుగా అడిగేది ఆ స్టాంపు పడిన కాగితాలే.